న్యాయ సలహా: కాలనీ స్టిక్కర్‌కు చట్టబలం ఉందా?

ప్రశ్న: మాది దుండిగల్ పరిధిలో, గండిమైసమ్మకు దగ్గర్లో ఒక కాలనీ. ఇళ్ల మధ్య 30 అడుగుల రోడ్డు. పక్క గల్లీలో హాస్టళ్లు వచ్చాక తెల్లారి లేచేసరికి మా గేట్ల ముందు బైకులు, కార్లు బారులు తీరుతున్నాయి. రాత్రయితే డీసీఎం వ్యాన్లు కూడా. మా సంక్షేమ సంఘం ఇంటికి రెండు స్టిక్కర్ల చొప్పున పంచి, స్టిక్కర్ లేని బండికి 500 రూపాయలు వసూలు చేయాలని, కట్టకపోతే చక్రానికి గొలుసు వేయాలని తీర్మానించింది. మొన్న ఎవరో ఒకాయన కారుకు గాలి తీసేశారు. ఆయన స్టేషన్‌కు పోతానంటున్నాడు. మా తీర్మానం చెల్లుతుందా? విదేశాల్లోలాగా ఆ వీధిలో ఉండేవాళ్లకే పార్కింగ్ పర్మిట్ తెచ్చుకోవచ్చా?

జవాబు: తీర్మానం చెల్లదు. పర్మిట్ మాత్రం అసాధ్యమేమీ కాదు, కానీ దాన్ని ఇచ్చే అధికారం సంఘానికి లేదు. ఈ రెండూ విడివిడిగా చూద్దాం.

ముందు బీరువాలో ఉన్న మీ రిజిస్ట్రేషన్ కాగితం తీయండి. చివర్లో ఉండే షెడ్యూల్లో నాలుగు హద్దులు రాసి ఉంటాయి. ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు’ అని ఒక పక్క ఉంటుంది. హద్దు అంటే మీ జాగ అక్కడితో అయిపోయిందని అర్థం. హెచ్‌ఎండీఏ లేఅవుట్ అయితే రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాల్సిందే. పాత పంచాయతీ లేఅవుట్ అయినా, జనం రోడ్డుగా వాడుకుంటున్న జాగ మీద గేటు యజమానికి సొంత హక్కు పుట్టదు. ఆ మాటకొస్తే మున్సిపాలిటీకి కూడా దాని మీద ఇష్టారాజ్యం లేదు. మంగళూర్ మున్సిపల్ బోర్డు కేసులో (ఇది మన కర్ణాటక మంగళూరు కాదు, ఉత్తరాది ఊరు) రోడ్డు పక్క ఖాళీ జాగలో గాంధీ విగ్రహం, చలివేంద్రం, గ్రంథాలయం కట్టాలని మున్సిపాలిటీ చూసింది. దారిగా వాడుకోవడానికి పనికిరాని కట్టడం అక్కడ కట్టరాదని 1965 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. గాంధీ విగ్రహానికే లేని హక్కు మన పూలకుండీలకు, రాళ్లకు, ఎర్రగుడ్డ కట్టిన తాడుకు ఎక్కడిది? చాలా ఇళ్ల ముందు బండి ఎక్కడానికని రోడ్డు మీదికి పోసుకున్న సిమెంటు ర్యాంపులదీ అదే కథ. ఆక్రమణ కింద వాటిని తొలగించే అధికారం స్థానిక సంస్థకు ఉంది. ఫిర్యాదు చేసేముందు మీ ర్యాంపు ఎంత దూరం వచ్చిందో ఒకసారి చూసుకోవడం మంచిది.

అలాగని ఎవడైనా మీ గేటుకు అడ్డంగా బండి పెట్టి పోవచ్చని కాదు. రోడ్డు మీద పార్కింగ్ హక్కు మీకు లేదు గానీ, మీ ఇంట్లోంచి రోడ్డెక్కే హక్కు మీకుంది. ఎదురింటి గోడ పక్కన ఎవరికీ అడ్డం లేకుండా పెట్టిన బండి మీద మీకు కోపం రావచ్చు, ఫిర్యాదుకు మాత్రం పస ఉండదు. గేటుకు అడ్డం పెట్టిన బండి సంగతి వేరు. ఇంటి ప్రవేశాలకు అడ్డంగా, ఫుట్‌పాత్ మీద, కూడళ్ల దగ్గర బండి నిలపకూడదని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఇతరులకు ప్రమాదం గానీ, అడ్డంకి గానీ, అనుచితమైన ఇబ్బంది గానీ కలిగేలా బహిరంగ స్థలంలో వాహనం వదలరాదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ అంటుంది. దారికి అడ్డంకి కల్పించడం భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద నేరం, 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

ఇక మీ సంఘం చేసిన పనులు. సొసైటీగా రిజిస్టర్ అయిన సంఘం బైలాలు సభ్యులకే వర్తిస్తాయి. హాస్టల్ పిల్లవాడికో, చుట్టపుచూపుగా వచ్చినవాడికో జరిమానా వేసే అధికారం వాటి నుంచి రాదు. ‘కట్టకపోతే బండి కదలనివ్వం’ అని బెదిరించి డబ్బు తీసుకుంటే అది బలవంతపు వసూలు కేసు దాకా పోవచ్చు. చక్రానికి తాళం వేయడం, టోయింగ్ చేయించడం మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింది అధికారాలు. పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన బండి మీదైనా, 10 గంటలు లేదా అంతకుమించి ఎవరూ లేకుండా వదిలేసిన బండి మీదైనా వాటిని వాడవచ్చు. అయితే అనుమతించాల్సింది ఆ పరిధిలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. కాలనీ అధ్యక్షుడు కాదు, వాచ్‌మన్ అసలే కాదు.

గాలి తీయడం చిన్న విషయమని అందరూ అనుకుంటారు. సిటీలో సగం గేట్ల మీద ‘ఇక్కడ బండి పెడితే గాలి తీయబడును’ అని పెయింటుతో రాసే ఉంటుంది. కానీ వస్తువును పగలగొడితేనే నష్టం కింద లెక్క అని చట్టం అనలేదు. దాని ఉపయోగం తగ్గేలా మార్పు చేసినా అది దుశ్చర్యే. న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గేటు మీది ఆ రాత మిమ్మల్ని కాపాడకపోగా, ముందే ఉద్దేశంతో చేశారనడానికి సాక్ష్యంగా పనికొస్తుంది. ఆయన స్టేషన్‌కు వెళ్లకముందే సంఘం పెద్దలు నలుగురు పోయి, “అన్నా, జర తప్పయింది” అని మాట్లాడుకుని, గాలి కొట్టించి ఇస్తే మంచిది. పంతానికి పోతే కోర్టు చుట్టూ తిరిగేది మీరే.

ఇప్పుడు పర్మిట్ మాట. మీరన్నట్టు అమెరికాలో ఇది చాలా నగరాల్లో ఉంది. జెర్సీ సిటీలో అద్దెకుండే మన తెలుగు పిల్లల్ని అడిగినా చెబుతారు. దీనికి రాజ్యాంగపరమైన ఆమోదం 1977లో దొరికింది. వర్జీనియా రాష్ట్రం ఆర్లింగ్టన్ కౌంటీలో పక్కనున్న ఆఫీసుల ఉద్యోగులు పగలంతా ఇళ్ల వీధుల్లో కార్లు పెట్టి పోయేవారు. పనివేళల్లో ఆ వీధుల్లో స్థానికులకే పార్కింగ్ అని కౌంటీ ఆదేశం తెచ్చింది. బయటివాళ్లకు వేరు నీతా అని ఉద్యోగులు కోర్టుకెళ్లారు. వర్జీనియా సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది, అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. కాలుష్యం, చప్పుడు, రద్దీ తగ్గించాలన్న లక్ష్యానికీ ఈ తేడాకూ సహేతుకమైన సంబంధం ఉంటే సమానత్వానికి భంగం లేదంది. మన రాజ్యాంగం 14వ అధికరణం కింద రేపు ఎవరైనా సవాలు చేసినా వాదన దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. గమనించాల్సింది ఇంకోటుంది. ఆర్లింగ్టన్ ఆదేశంలో వీధివాళ్లతో పాటు, వాళ్ల ఇంటికి పని మీద వచ్చేవాళ్లకూ, కొందరు అతిథులకూ పర్మిట్ ఇచ్చే ఏర్పాటు ఉంది.

మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2019 సెప్టెంబరులో, సుప్రీంకోర్టు గట్టిగా అడిగాక, పార్కింగ్ స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. ప్రాంతాల వారీగా పార్కింగ్ ప్లాన్ వేయాలి, అంబులెన్సు, ఫైరింజను అడ్డం లేకుండా పోయే దారి వదలాలి అన్నది అందులో అసలు సారం. బెంగళూరుకు 2021లో కర్ణాటక ప్రభుత్వం ఆమోదించిన పార్కింగ్ విధానంలోనైతే కాలనీవాసులకు ఏడాది పర్మిట్లు, వాటికి రుసుములు కూడా రాశారు. చిన్న కారుకు 1,000 రూపాయలు, పెద్ద ఎస్‌యూవీకి 5,000. కాగితం మీద ఉన్నంత చక్కగా వీధిలోకి రాలేదు.

మన దగ్గర అలాంటి జోన్ అమల్లో లేదు. అయితే దారి మూసి కూడా లేదు. మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ, స్థానిక సంస్థను సంప్రదించి, వాహనాలు ఎక్కడ నిలపవచ్చో, ఎంతసేపు నిలపవచ్చో నిర్ణయించవచ్చు. అంటే ప్రభుత్వం, పోలీసు, స్థానిక సంస్థ ముగ్గురూ కలిస్తేనే జోన్ పుడుతుంది. నిన్నమొన్నటి దాకా గ్రామపంచాయతీ, ఆ తర్వాత మున్సిపాలిటీ అయిన దుండిగల్‌ను 2025 డిసెంబరులో జీహెచ్‌ఎంసీలో కలిపారు. ఊరు మారిన వేగానికి రోడ్డు వెడల్పు మారలేదు. బహదూర్‌పల్లి టెక్ మహీంద్రా, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, ఔటర్ రింగు రోడ్డు దిగే లారీలు, అన్నీ ఆ 30 అడుగుల్లోనే సర్దుకోవాలి.

జోన్ అడిగేటప్పుడు ఎవరికి పర్మిట్ అన్నది ముందు తేల్చుకోండి. ఇంటి యజమానులకే ఇస్తామంటే అద్దెకుండేవాళ్లు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు. ఇది ఆస్తి హక్కు కాదు, నివాసానికి సంబంధించిన సౌకర్యం. రుజువుగా ఆర్‌సీ చిరునామా అడుగుతారు. మీ కాలనీలో ఎన్ని బండ్లకు కరీంనగర్, ఖమ్మం, గుంటూరు చిరునామాలున్నాయో లెక్కేయండి. ఇల్లు మారితే 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 49వ సెక్షన్ చెబుతుంది. వేరే రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడే ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్. పర్మిట్ వస్తే ముందు ఇరుకున పడేది ఈ పని చేయని పాత కాపులే. ఇంకోమాట, పర్మిట్ ఉన్నంత మాత్రాన మీ గేటు ముందే జాగ దొరకాలని ఎక్కడా లేదు. జోన్‌లో ఖాళీ ఉంటే నిలుపుకోవచ్చు, అంతే.

నన్నడిగితే మీ కాలనీకి కావలసింది పర్మిట్ జోన్ కాదు. దాన్ని తెచ్చినా హాస్టల్ బైకులు పక్క వీధికి పోతాయి, ఆ వీధివాళ్లు మీ మీద దరఖాస్తు పెడతారు. బండ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అక్కడ పట్టుకోవాలి. హాస్టల్ భవనానికి ఇచ్చిన అనుమతి ప్లాన్‌లో పార్కింగ్ ఎంత చూపించారు? 2012 నాటి జీవో 168 భవన నియమాలు భవనం రకాన్ని బట్టి ఇంత శాతం పార్కింగ్ వదలాలని చెబుతాయి. ప్లాన్‌లో సెల్లారో, స్టిల్టో పార్కింగ్ అని గీసి, కట్టాక అక్కడ మెస్సు, వంటగది, ఇంకో నాలుగు గదులు పెట్టేసిన భవనాలు ఎన్ని చూడలేదు! అలా వాడటం నియమాల ఉల్లంఘన, చర్య తీసుకోవాల్సింది అనుమతి ఇచ్చిన అధికారే.

కాబట్టి సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ఆ భవనం మంజూరు ప్లాన్ నకలు, అక్యుపెన్సీ సర్టిఫికెట్ నకలు, మీ లేఅవుట్ గిఫ్ట్ డీడ్ నకలు, మీ రోడ్డు మీద నో పార్కింగ్ ఉత్తర్వు ఏదైనా ఉంటే దాని నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే కార్యాలయంలో మొదటి అప్పీలు. ప్లాన్ చేతికొచ్చాక ఫిర్యాదు రాయండి. ‘హాస్టల్ వల్ల ఇబ్బందిగా ఉంది’ అని రాస్తే ఫైల్లో పడుకుంటుంది. ‘ప్లాన్‌లో పార్కింగ్‌గా చూపిన కింది అంతస్తును వంటగదిగా వాడుతున్నారు, ఫొటోలు జతచేశాం’ అని రాస్తే పక్కన పెట్టడం కష్టం.

మీ కాలనీ అపార్టుమెంట్లలో వాళ్లకూ ఈ పార్కింగ్ లెక్కే వర్తిస్తుంది. సొంత స్టిల్టులో జాగ లేక రోడ్డెక్కేవాళ్లు చాలామంది. ఓపెన్ పార్కింగ్ ఉమ్మడి స్థలమని 2016 రెరా చట్టం నిర్వచనంలోనే ఉంది. స్టిల్టు జాగను బిల్డరు ఫ్లాటులాగా విడిగా అమ్ముకోలేడని మహారాష్ట్ర చట్టం కింద సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. మీ బిల్డరు దేనికి ఎంత తీసుకున్నాడో ఒప్పందం తీసి చదువుకోండి.

గేటుకు అడ్డం పడే బండ్ల మీద ఈలోగా ఏం చేయాలంటే, నంబరు ప్లేటు, మీ గేటు రెండూ కనబడేలా ఫొటో తీయండి, తేదీ సమయం ఉండాలి. అత్యవసరమైతే 112కు ఫోన్. రోజూ జరిగేదైతే ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఇచ్చి, కూడలి దగ్గరా మలుపు దగ్గరా నో పార్కింగ్ బోర్డులు పెట్టమని అడగండి. రాత్రిళ్లు నిలిపే డీసీఎం వ్యాన్ల గురించి విడిగా రాయండి, ఆ పార్కింగ్ వేళలు, అంబులెన్సు తిరగలేని మలుపు కూడా చూపండి. పలకకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, దారిలోని అడ్డంకి తొలగించమని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఉంది. శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలోని మీ జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు ఇస్తే పని ఆ దిక్కుకు కదులుతుంది. అన్నీ అయ్యాకే హైకోర్టు. చేసిన ఫిర్యాదుల మీద నిర్ణయం తీసుకోలేదని 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు, అప్పుడు మొదట అడిగేది మీ దగ్గరున్న రసీదులే.

అందుకే ప్రతి దరఖాస్తూ రెండు ప్రతులు రాయండి, ఒక దాని మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, వికలాంగులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 15100.