మరిగిస్తే మందులు పోతాయా?

ప్రశ్న: నీటిలో కలిసిన మందుల అవశేషాలను తొలగించేదెలా? (పాఠకుడు, కవిటి)

మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ చాలా మందుల అణువులు చెక్కుచెదరవు. మీ ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు, దాన్ని ఈ మందుల అవశేషాలకు ముడిపెట్టడం తొందరపాటు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మాత్రం ముప్పు స్పష్టంగా బయటపడింది: మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. శుద్ధి చేశాక కూడా అంత!

ఇలాంటి అణువులను విరగ్గొట్టేది రసాయన ఆక్సీకరణం. అందులో ఒకటైన ఫెంటన్ పద్ధతిలో ముందు ఆమ్లం కలిపి పీహెచ్‌ను 3 దగ్గరికి దించుతారు. ఫెర్రస్ సల్ఫేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలవగానే హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టి అణువును ముక్కలు చేస్తాయి. ఆపై సున్నం వేస్తే ఇనుము తుప్పురంగు మడ్డిగా అడుక్కు దిగుతుంది. మోతాదు చాలకపోతే సగం విరిగిన ముక్కలు మిగులుతాయి, వాటిలో కొన్నిటికి విషగుణం పోదు. అందుకే ఇది ఇంట్లో చేసుకునేది కాదు, ఫ్యాక్టరీ గడప దాటకముందే జరగాల్సిన పని.