మీటిన తీగ ఎంతసేపు మోగుతుంది?

మీ దగ్గర గానీ, తెలిసినవారి దగ్గర గానీ గిటార్ ఉంటే ఒక తీగను ఒక్కసారి మీటి, నాదం పూర్తిగా అణగిపోయేదాకా గడియారం చూడండి. బోలు పెట్టె ఉన్న మామూలు గిటార్‌లో నాదం కొన్ని సెకన్లలోనే సన్నగిల్లిపోతుంది. గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటార్‌లో అంతకంటే చాలాసేపు నిలుస్తుంది. ఇలా నిలవడాన్నే సంగీతకారులు సస్టెయిన్ అంటారు. దీనికోసం గత తొంభై ఏళ్లలో అల్యూమినియం, పారదర్శక ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్ గిటార్లు తయారుచేశారు. ఇత్తడి దిమ్మెలు, బిగింపులు, బ్యాటరీ పరికరాలు అమ్మారు. వీటిలో నిజంగా పనిచేసేవేవి, జేబును మాత్రమే తేలిక చేసేవేవి? దీనికి జవాబు భౌతికశాస్త్రంలో ఉంది.

తీగను మీటడమంటే దానికి కొంత శక్తి ఇవ్వడం. ఆ క్షణం నుంచి తీగ చిల్లులున్న కుండ లాంటిదే. ఒక చిల్లు గాలి: కదులుతున్న తీగను గాలి రాపిడి ఆపుతూ ఉంటుంది. రెండోది తీగ లోహంలోని అంతర్గత ఘర్షణ. మూడోది తీగ రెండు కొసలు, అంటే ఒకవైపు బ్రిడ్జి, మరోవైపు మెట్టు. లావుపాటి కొమ్మకు కట్టిన ఉయ్యాల చాలాసేపు ఊగుతుంది. వంగే కొమ్మకు కడితే ఊపంతా కొమ్మకే పోతుంది. తీగ సంగతీ అంతే. దాన్ని పట్టి ఉంచినది ఎంత కదిలితే అంత శక్తి జారిపోతుంది.

అయితే మామూలు గిటార్‌కు ఈ మూడో చిల్లే ప్రాణం. తీగ ఒక్కటే గాలిని పెద్దగా కదిలించలేదు. దాని శక్తి బ్రిడ్జి ద్వారా పలకకు చేరితేనే మనకు వినబడుతుంది. వీణలోనూ ఇదే సూత్రం. ఒకే పనస దుంగ నుంచి చెక్కిన బొబ్బిలి ఏకాండి వీణలో చెక్క గుణానికి అంత విలువ ఎందుకంటే, శబ్దం ఆ చెక్కలోంచే బయటికి రావాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆ అవసరం లేదు. అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టిన పికప్, ఉక్కు తీగ కదలికను నేరుగా విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. కాబట్టి మూడో చిల్లును ధైర్యంగా మూసేయవచ్చు. 1940 ప్రాంతంలో అమెరికా గిటారిస్టు లెస్ పాల్ చేసింది అదే. నాలుగంగుళాల పైన్ దూలానికి తీగలు, పికప్‌లు బిగించి, చూడటానికి గిటార్‌లా ఉండాలని రెండు పక్కలా బోలు గిటార్ ముక్కలు తగిలించాడు. ఆ దూలాన్ని ‘ది లాగ్’ అన్నారు.

సస్టెయిన్ రాక్ సంగీతానికే పరిమితమైన మోజు కాదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతం వాయించడానికి పూనుకున్నప్పుడు ఎదురైన సమస్య ఇదే. మాండలిన్ స్వరం టక్కున పుట్టి టక్కున ఆగిపోతుంది. గమకం పలకాలంటే మీటిన తరువాత కూడా తీగలో జీవం మిగిలి ఉండాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకుని, నాలుగు జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలు వాడారు. ఆ వాద్యంపై రాగాలాపన సాధ్యమవడంలో వేళ్ల ప్రతిభది పెద్ద పాలు. నిలిచే నాదానిదీ కొంత ఉంది.

ఇక పదార్థాల సంగతి. మార్కెట్లోకి వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటి చెక్కది కానే కాదు. 1932లో లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన రికెన్‌బ్యాకర్ హవాయి గిటార్‌ను అల్యూమినియంతో పోతపోశారు. గుండ్రటి ఒళ్లు, పొడవాటి మెడ చూసి జనం దానికి ‘వేపుడు పెనం’ అని పేరు పెట్టారు. 1970లలో ట్రావిస్ బీన్ గిటార్లలో అల్యూమినియం మెడ చెక్క ఒంట్లోకి సాగి బ్రిడ్జి కిందిదాకా వచ్చేది. తీగ రెండు కొసలూ ఒకే లోహపు ముక్క మీద నిలిచాయన్నమాట. నాదం బాగానే నిలిచింది, కానీ శ్రుతి నిలవలేదు. లెక్క చూడండి. గిటార్‌లో మోగే తీగ పొడవు దాదాపు 648 మిల్లీమీటర్లు. అల్యూమినియం 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే ఆ పొడవుకు సుమారు 0.15 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. ఇదెంత అనిపిస్తుంది. కానీ అన్నిటికంటే సన్నని ఉక్కు తీగను శ్రుతికి తేవడానికి మనం సాగదీసేదే దాదాపు 4.5 మిల్లీమీటర్లు. తీగ చల్లగానే ఉందనుకుంటే బిగువు 3 శాతానికి పైగా పెరుగుతుంది. పౌనఃపున్యం బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి శ్రుతి 1.6 శాతం ఎక్కుతుంది. రెండు పక్క స్వరస్థానాల మధ్య తేడా 6 శాతం. అంటే పావు వంతు అపశ్రుతి! వేదిక మీది దీపాల వేడి, వాయించేవాడి అరచేతి వెచ్చదనం చాలు ఇందుకు. చెక్క నారవెంట వ్యాకోచం అల్యూమినియంతో పోలిస్తే ఐదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. అయితే చెక్కకు తేమ శత్రువు. మన వానాకాలంలో మెడ వంగిన గిటార్లు చూసినవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు.

1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపకల్పనతో ఆంపెగ్ సంస్థ గాజులా కనిపించే ఆక్రిలిక్ గిటార్ తెచ్చింది. ఆక్రిలిక్ మెత్తని ప్లాస్టిక్, కంపనాలను మింగేస్తుంది; మరి నాదం ఎలా నిలిచింది? ఆ ఒళ్లు బాగా బరువు. తీగ లాగుడుకు అది కదలనే కదలదు, కదలనిది మింగేదీ తక్కువే. మెడ మాత్రం చెక్కే. భుజం నొప్పి విషయం వాయించినవారిని అడగాలి.

బరువు లేకుండా బిగువు కావాలంటే కార్బన్ ఫైబర్. పోగుల దిశలో దాని దృఢత్వం మేపుల్ చెక్కకు దాదాపు పది రెట్లు, సాంద్రత మాత్రం రెండున్నర రెట్లకు లోపే. 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ ఈ పదార్థంతో తల లేని బాస్ గిటార్ చేశాడు. తల తీసేయడం వింత వేషంలా కనబడినా అందులో అర్థముంది. మెడ చివర బరువు తగ్గితే, మెడ బిగువైతే, దాని సహజ పౌనఃపున్యాలు పైకి జరుగుతాయి.

వాటితో మనకేం పని? మెడ కూడా కంపించే కడ్డీయే. ఏదైనా మెట్టు దగ్గర పలికే స్వరం మెడ సహజ పౌనఃపున్యంతో కలిస్తే అనునాదం ఏర్పడి, మెడ ఆ స్వరం శక్తిని లాగేసుకుంటుంది. పక్క మెట్లన్నీ చక్కగా మోగుతుంటే ఆ ఒక్కటీ చప్పగా చచ్చిపోతుంది. 1990లలో జర్మనీలో హెల్మట్ ఫ్లైషర్, టిల్మన్ ట్స్‌వికర్ గిటార్ మెడల కదలికను కొలిచి ఈ సంబంధాన్ని చూపారు. చాలా బాస్ గిటార్లలో అన్నిటికంటే సన్నని తీగ మీద ఐదు నుంచి ఏడో మెట్టు మధ్య ఇలాంటి చోటు దొరుకుతుంది. తలకు బిగించే ఇత్తడి బిగింపులు ఇక్కడే పనికొస్తాయి. తల మెడకు స్వేచ్ఛగా ఊగే కొస, అందుకే అక్కడ కొద్ది బరువు పెట్టినా పౌనఃపున్యం కిందికి జారుతుంది. చచ్చిన స్వరం బతుకుతుంది. కానీ ఆ జబ్బు మరో మెట్టుకో, రెండు స్వరాల నడుమకో తరలిపోతుంది తప్ప మాయం కాదు. ఈ మాట అమ్మేవారు తరచు చెప్పరు.

బ్రిడ్జి కింద పెట్టే ఇత్తడి పలకలదీ ఇలాంటి కథే. 1976 నాటి యమహా ఎస్‌జీ2000లో అలాంటి పలకే ఉంది. బ్రిడ్జి వదులుగా, తేలికగా ఉంటే బరువైన లోహం తప్పక సాయం చేస్తుంది. అది ముందే గట్టిగా ఉంటే మూడో చిల్లు అప్పటికే మూసుకుపోయినట్టు. గాలి, తీగ లోహం అనే మిగతా రెండు చిల్లులను ఏ ఇత్తడీ మూయలేదు. నన్నడిగితే ముందు కొత్త తీగలు వేసి, బ్రిడ్జి మరలు బిగించి చూడండి, ఇత్తడి సంగతి తరువాత. పికప్‌ను తీగకు మరీ దగ్గరగా పెట్టినా దాని అయస్కాంతం తీగ కదలికను చెడగొడుతుంది. దాన్ని దించడానికి ఒక మరతిప్పుడు చాలు, ఖర్చు లేదు.

చిల్లులు మూయడం మాని కుండలో నీళ్లు పోస్తూ ఉంటే? అమెరికాకు చెందిన గ్రెగ్ హీట్ రూపొందించి 1976లో విడుదల చేసిన ఈ-బో చేసేది అదే. అరచేతిలో పట్టే ఈ పరికరంలో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి తీగ కంపనాన్ని పసిగడుతుంది. దాన్ని పెద్దది చేసి, రెండోది అయస్కాంత బలంతో అదే లయలో తీగను తోస్తుంది. పోయిన శక్తిని 9 వోల్టుల బ్యాటరీ భర్తీ చేస్తుంది. మీటకుండానే స్వరం వయొలిన్‌లా పుట్టి, మీరు పరికరాన్ని పైకెత్తేదాకా నిలుస్తుంది. ఇది పనిచేయాలంటే తీగ ఉక్కుదో నికెల్‌దో కావాలి. నైలాన్ తీగ దీనికి లొంగదు.

ఇదంతా మీరే పరీక్షించవచ్చు. ఒకే బలంతో మీటడం కష్టం కాబట్టి ప్రయోగశాలల్లో వాడే ఒక చిట్కా చెబుతాను. వెంట్రుకలాంటి సన్నని రాగి తీగను గిటార్ తీగకు ఉచ్చులా వేసి, అది తెగేదాకా మెల్లగా లాగండి. రాగి ప్రతిసారీ దాదాపు ఒకే బలం దగ్గర తెగుతుంది. ఒక్కొక్క మెట్టు దగ్గర నాదాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకోండి. ఒకటి రెండు మెట్ల దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోతే ఆ చోటు దొరికినట్టే. తరువాత తలకు గుడ్డ చుట్టి, వడ్రంగులు వాడే చిన్న బిగింపు ఒకటి తగిలించి, మళ్లీ మొదటి మెట్టు నుంచి కొలవండి. పడిపోయిన అంకె ఇప్పుడు ఏ మెట్టు దగ్గర ఉందో చూడండి.