గైడు నీ బదులు చేయలేనివి

కోడీ, వయోమింగ్
జూన్ నెల

కోడలుపిల్లా,

నీ మెసేజి చూశాను. లాటరీలో ఎల్క్ లైసెన్సు తగిలిందనీ, సెప్టెంబరు చివర్లో ఆఫీసువాళ్లిద్దరితో కలిసి థరోఫేర్ వైపు గుర్రాల మీద వేటకి వెళ్తున్నాననీ రాశావు. ఆ సాయంత్రమే మీ అమ్మ ఫోను చేసి, "ఫొటోలు పంపి పిల్లని చెడగొట్టింది నువ్వే అన్నయ్యా" అని నన్ను దులిపేసింది. ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. నీ మెసేజిలో నాకు మింగుడుపడని మాట ఒక్కటే. "గైడు ఉన్నాడుగా, అన్నీ ఆయనే చూసుకుంటాడు" అన్నావు చూడు, అది.

చాలానే చూసుకుంటాడు, కాదనను. గుర్రాలు, డేరాలు, పొయ్యి, వంట, దారి, ఎల్క్ పొద్దున ఎక్కడ మేస్తుందో, మధ్యాహ్నం ఏ చెట్ల గుబురులో పడుకుంటుందో తెలిసిన బుర్ర, ఇవన్నీ నువ్వు కట్టిన డబ్బులో ఉన్నాయి. ఎల్క్ మాత్రం అందులో లేదు. పైగా ఆయన్ని పెట్టుకోవడం నీ ముచ్చట కాదు. వయోమింగ్‌లో వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవుల్లో బయటి రాష్ట్రంవాళ్లు పెద్ద జంతువుల వేటకి వెళ్లాలంటే లైసెన్సున్న గైడో, ఇక్కడి నివాసి ఒకరో వెంట ఉండాలని చట్టం. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం వల్ల ఆ అడవుల్లోకి మోటారు బండి పోకూడదు, సైకిలు పోకూడదు, చెట్టు అడ్డంపడితే మోటారు రంపం వాడకూడదు. అందుకే ఇంకా గుర్రాలూ కంచరగాడిదలూ.

ముందు కాగితాల సంగతి. గుర్రం మీంచి పడితే ఒళ్లు నొప్పి పెడుతుంది, ఇందులో పడితే బతుకే తలకిందులవుతుంది. నువ్వు హెచ్1బీ మీద ఉన్నావు. గ్రీన్‌కార్డు లేకుండా ఇలాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో నీకు పనికొచ్చేది, గడువు తీరని వేట లైసెన్సు. చేతిలో లైసెన్సు లేకుండా స్నేహితుడి తుపాకీతో షూటింగ్ రేంజికి వెళ్లినా నేరం లెక్కలోకే వస్తుంది. వేసవిలో ప్రాక్టీసు కోసమని టెక్సస్ లైసెన్సు కొంటావేమో, అది ఆగస్టు 31తో తీరిపోతుంది. వయోమింగ్ కాగితం నీ చేతికొచ్చాకే సెప్టెంబరులో తుపాకీ ముట్టుకో. ఎందుకైనా మంచిది, ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయరుతో కూడా మాట్లాడు. 1966 జనవరి 1 నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. టెక్సస్‌లో చేసినా చెల్లుతుంది. నీ ఆఫీసు మిత్రులు ఇక్కడ పుట్టినవాళ్లు, ఈ వీసా గొడవ వాళ్ల ఊహకి కూడా రాదు.

ఇక గుర్రం. పశువుల డాక్టరుగా నా ఉద్యోగమంతా వీటి చుట్టూనే తిరిగింది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువే చెప్తాను, విసుక్కోకు.

థరోఫేర్ అంటే ఎల్లోస్టోన్ పార్కుకి ఆగ్నేయాన ఉన్న మూల. అలాస్కాని పక్కనబెడితే ఈ దేశంలో రోడ్డుకి అంత దూరంగా ఉన్న చోటు మరొకటి లేదంటారు. మొదటి రోజే గంటల తరబడి జీను మీద కూర్చోవాలి. మీ ఫ్రిస్కో చుట్టుపక్కల స్వారీ నేర్పేవాళ్లకి కొదవ లేదు, ఈ వారమే చేరు. గుండ్రటి ఆవరణలో గంటసేపు తిరిగి సంబరపడితే చాలదు. ఆగస్టు నాటికి ఏకబిగిన మూడు నాలుగు గంటలు కొండదారిలో తిరిగి ఉండాలి. అలా తిరిగి దిగినప్పుడు మోకాళ్లు నీ మాట వినవు. తొడల లోపల కండరాలనేవి అసలు ఉన్నాయని ఆ రోజే తెలుస్తుంది. అది టెక్సస్‌లోనే తెలిస్తే మంచిది. జీను వేయడం, పొట్ట కింద పట్టీ బిగించడం కూడా నేర్పమను. కొన్ని గుర్రాలు పట్టీ బిగించేటప్పుడు డొక్క బిర్రబిగిస్తాయి, పది నిమిషాలు నడిచాక పట్టీ వదులవుతుంది. ఇంకోసారి చూసి బిగించమని నువ్వే అడుగు. గైడు చిన్నబుచ్చుకోడు, పైగా ఈ మనిషికి పని తెలుసనుకుంటాడు.

గుర్రానికి చుట్టూ చాలామేర కనపడుతుంది. కనపడనిది ముక్కు ముందర కాస్త, తోక వెనక కాస్త. తోక వైపు నుంచి చడీచప్పుడు లేకుండా వచ్చిన మనిషి దాని లెక్కలో ఎలుగుబంటే. భుజం వైపు నుంచి మాట్లాడుతూ దగ్గరికి వెళ్లు. వెనకనుంచి దాటాల్సి వస్తే పిరుదు మీద చెయ్యి ఆనించి, ఒళ్లు దానికి ఆనుకున్నంత దగ్గరగా దాటు. ఎక్కుడులో నడుం ముందుకి వంచు, అవసరమైతే జూలు పట్టుకో. దిగుడులో నిటారుగా కూర్చుని మడమలు కిందికి దించు. పాదం ముందు భాగమే రికాబులో ఉండాలి. మడమ దాకా దూరిస్తే పడినప్పుడు కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. బూటు కొనేటప్పుడు కూడా ఇదే గుర్తుపెట్టుకో, మడమ ఉండాలి, అడుగు రికాబులో పట్టేసేంత వెడల్పుగా, గళ్లుగళ్లుగా ఉండకూడదు. జీన్స్ కుట్టు లోపల రాసుకుని తొడలు పుండ్లు పడతాయి, లోపల కుట్లు లేని బిగుతు పైజామా వేసుకో. వానకోటు జీను వెనక కట్టుకో, తొడుక్కోవాలంటే మాత్రం దిగి తొడుక్కో. పైనుండి ఫటఫటమని విదిలిస్తే నెమ్మదస్తురాలైన గుర్రం కూడా లోయ వైపు చూస్తుంది.

ఇరుకు దారిలో, పక్కన వందల అడుగుల లోతు కనపడగానే పగ్గాలు లాగి గుర్రాన్ని కొండ వైపు తిప్పాలనిపిస్తుంది. తిప్పకు. దాని తల లోపలికి లాగితే వెనక కాళ్లు బయటికి పోతాయి. పగ్గాలు వదులుగా పట్టుకుని దాని నడక దానికి వదిలెయ్. ఆ దారిన అది ఎన్నో సీజన్ల నుంచి నడుస్తోంది, నువ్వు నిన్న వచ్చావు.

సామాను కంచరగాడిదలు మోస్తాయి. ఒక్కోదాని మీద సుమారు 150 పౌండ్లు, అంటే 70 కిలోల దాకా, రెండు వైపులా తూచి సమానంగా కడతారు. ఒక పక్క ఒరిగితే దాని వీపు పుండవుతుంది. అందుకని నీ వాటా ఎంతో, ఈ వేట ఏర్పాట్లు చేసే అవుట్‌ఫిటర్ చెప్పిన లెక్క మీరకు. చక్రాల సూట్‌కేసు తెచ్చావంటే దారి మొదలయ్యే ట్రయిల్‌హెడ్‌లోనే వదిలేస్తారు. మెత్తటి డఫెల్ బ్యాగు చాలు. సెప్టెంబరు చివర్లో మంచు పడినా ఆశ్చర్యం లేదు, ఉన్ని బట్టలు తెచ్చుకో, నూలు తడిస్తే ఒంటి వేడి లాగేస్తుంది. నారింజ గానీ గులాబీ గానీ మెరిసే రంగు బట్ట ఒకటి పైన కనపడేలా ఉండాలి, అది చట్టం.

మీ ఊరు సముద్రానికి రెండొందల చిల్లర మీటర్ల ఎత్తు. డేరాలు వేసేచోటు దాదాపు 2,400 మీటర్లు, గట్లు 3,000 దాటుతాయి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం వస్తే ఓర్చుకోవడం గొప్ప కాదు, చెప్పు. మెట్లెక్కడం ఇప్పట్నించే మొదలెట్టు, వీపున బరువుతో. ఆస్పత్రికి చేరాలంటే అదే గుర్రం మీద అదే దారిలో వెనక్కి రావాలి, కాబట్టి నీ మందులు, నీ అలర్జీలు గైడుకి ముందే రాసిపెట్టు. అడగడానికి మొహమాటపడే ఆడవాళ్ల విషయాలు కూడా ఇప్పుడే ఫోనులో అడిగేయ్, వాళ్లకివి కొత్త కాదు.

తుపాకీ గురించి నీ మిత్రులు నాకంటే ఎక్కువే చెప్తారు, పెద్దది కొనమని ఊరిస్తారు కూడా. .270 గానీ .30-06 గానీ చాలు, భుజం అదిరిపోయే తుపాకీ పట్టుకుంటే తూటా కంటే ముందు నువ్వే కళ్లు మూసుకుంటావు. రేంజిలో బల్ల మీద ఆనించి కొట్టిన గురి చూసుకుని మురవకు. కూర్చుని, మోకాలి మీద, కర్రల స్టాండు మీద, పరిగెత్తి ఎగశ్వాసతో వచ్చి కొట్టు. అలా ఎంత దూరంలో ప్రతిసారీ తగులుతోందో అదే నీ దూరం. 200 గజాలైతే 200, గైడుకి మొదటి రోజే ఆ అంకె చెప్పు. గుర్రం మీద తుపాకీ ఒరలో ఉన్నంతసేపూ ఛాంబరులో తూటా ఉండకూడదు. దిగిన మరుక్షణం తుపాకీ తీసుకో, గుర్రం పారిపోతే ఒరతో సహా పోతుంది. ఎలుగుల స్ప్రే కూడా అంతే, నడుముకే ఉండాలి, జీను సంచిలో కాదు.

ఎల్క్ మన నల్లమల కణుజుకు చుట్టమే. మగది 300 కిలోలు దాటుతుంది. నువ్వెళ్లే రోజుల్లో ఇంకా జత కోసం అరుస్తుంటాయి. లోతుగా మొదలై సన్నటి ఈలగా పైకి లేచే ఆ అరుపు వినగానే చేతులు వణుకుతాయి, ఎవరికైనా. దాని ముక్కుని మోసం చేయలేం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గాలి లోయలోకి దిగుతుంది, ఎండెక్కాక పైకి మళ్లుతుంది. గైడు నిన్ను చుట్టూ తిప్పి నడిపించేది అందుకే, ఆగమంటే కాలెత్తినదానివి ఎత్తినట్టే ఆగు. ఒక్కచోట మాత్రం ఆయన మాట వినక్కర్లేదు. "కాల్చు" అని ఆయన గుసగుసలాడినా, ఎల్క్ పక్కకి తిరిగి నిలబడి లేదనో, కొమ్మ అడ్డమనో, నీ దూరం కాదనో అనిపిస్తే కాల్చకు. కట్టిన డాలర్లు ఆ క్షణంలో గుర్తొస్తాయి, నాకు తెలుసు. గాయపడ్డ జంతువు కొండలు దాటి వెళ్లిపోతే ఆ డాలర్లు తిరిగిరావు, అదీ తిరిగిరాదు.

పడిందంటే అసలు పని అప్పుడు మొదలవుతుంది. ముందు లైసెన్సు ట్యాగులో తేదీ నింపి కత్తిరించాలి. తినదగిన మాంసం వదిలేసి రావడం నేరం. గైడు కోస్తుంటే నువ్వు ఫొటోలు తీసుకుంటూ నిలబడకు, కాలు పట్టుకో, సంచి తెరిచి పట్టుకో, మీలో ఒకరు చుట్టూ చూస్తూ ఉండండి. అది గ్రిజ్లీ ఎలుగుల దేశం, నెత్తుటి వాసనకి వస్తాయి. చీకటి పడి మాంసం అక్కడే ఉంచాల్సొస్తే పేగుల కుప్పకి దూరంగా, ఎత్తుగా వేలాడదీస్తారు. మర్నాడు రెండు కంచరగాడిదల మీద దిగుతుంది. మీ అమ్మ నీ సంచిలో ఎలాగూ ఆవకాయ సీసా పెడుతుంది. అది కూడా రాత్రిపూట డేరాలో ఉండకూడదు, టూత్‌పేస్టుతో సహా వాసనొచ్చేవన్నీ వంట సరుకులతో పాటే పోవాలి. ఎల్క్‌లకి సోకే క్రానిక్ వేస్టింగ్ జబ్బుకి పరీక్ష చేయించాకే తినండి. ఎముక తీసేసిన మాంసమే టెక్సస్‌కి తీసుకెళ్లు, మెదడు, వెన్నుపూస రాష్ట్రాల హద్దులు దాటించడం మీద ఆంక్షలున్నాయి.

చివర్లో గైడుకి, వంటామెకి, గుర్రాలు చూసే కుర్రాడికి నగదు విడిగా దాచుకో. ప్యాకేజీలో 10 నుంచి 15 శాతం ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. ఎల్క్ దొరకలేదని కోత పెట్టకు.

రెండు రోజులు ముందే మా ఇంటికి వచ్చేయ్, కోడీ ఎత్తుకైనా ఒళ్లు అలవాటు పడుతుంది. అక్కడ ఫోను పనిచేయదని మీ అమ్మకి ఇప్పుడే చెప్పు, బయల్దేరే ముందు రోజు కాదు. మాంసం కోసిచ్చే షాపు మా వీధి చివరే ఉంది. ఫ్రీజరులో అర ఖాళీ చేయనా అని మీ అత్తయ్య రెండుసార్లు అడిగింది. వద్దన్నాను.

మీ మామయ్య