పాత పడవ మోటారులో రవ్వ ఏది?

1909లో మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ రూపొందించి అమ్మిన పడవ మోటారు వంశంలో 1950ల నాటి యంత్రాలు అమెరికా సరస్సులపై నేటికీ కనిపిస్తాయి. వాటి జ్వలనానికి బ్యాటరీ అక్కరలేదు. తాడు లాగగానే గతిచక్రంలోని అయస్కాంతం తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. పాయింట్లనబడే లోహపు మొనలు విడివడగానే ఆ ప్రవాహం తెగి, రెండవ చుట్టలో వేల వోల్టులు జనించి, స్పార్క్ ప్లగ్ వద్ద రవ్వ ఎగురుతుంది.

శీతకాలమంతా గ్యారేజీలో పడివున్న మోటారు వసంతంలో మొరాయిస్తే చాలామంది కాయిల్‌నే శంకిస్తారు. అది తొందరపాటు. తేమగాలికి టంగ్‌స్టన్ మొనలపై కంటికి ఆనని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. మొనలు తాకుతున్నట్లే ఉన్నా ప్రవాహం సాగదు. సన్నని ఆకురాయితో మొనలను రుద్ది, ఆల్కహాలులో తడిపిన కాగితంతో తుడిచి, పూర్తిగా తెరుచుకొన్నప్పటి ఎడాన్ని 0.020 అంగుళానికి సరిచేయాలి. పెట్రోలు ఆవిరి లేనిచోట ప్లగ్గును ఇంజను లోహానికి ఆనించి తాడు లాగి చూడాలి. అప్పటికీ నీలిరవ్వ కనిపించకుంటేనే పగుళ్లిచ్చిన కాయిల్, కండెన్సర్‌ల వంతు.