ధృతియే నేత్రము

పరులు వ్రాసిన మహనీయుల చరిత్రములు అనేకములు కలవు. తన కష్టమును తానే చెప్పుకొనుచు, చదువువారికి ధైర్యము కలిగించు గ్రంథములు మాత్రము అరుదు. అట్టివానిలో హెలెన్ కెల్లర్ అను అమెరికా దేశీయురాలు రచించి, 1903లో ప్రకటించిన ‘నా జీవిత కథ’ యొకటి. కన్నులకు శుక్లములు క్రమ్మి నేను చదువలేకుండిన దినములలో నా శిష్యుడొకడు దానిని చదివి వినిపించెను. అందలి సారమును పాఠకమహాశయులకు నివేదించుచున్నాను.

ఆమె 1880 జూన్ 27న అలబామా రాష్ట్రమందలి టస్కంబియాలో జన్మించెను. పందొమ్మిది నెలల ప్రాయమున వచ్చిన తీవ్రవ్యాధి ఆమె చూపును, వినికిడిని హరించెను. చెవి వినని బిడ్డకు మాట యెట్లు వచ్చును? తన మనస్సులోనిది తెలుపలేక, ఆ పసిబిడ్డ ఆగ్రహముతో పెనుగులాడుచు పెరిగెను.

1887 మార్చి 3న ఆన్ సలివాన్ అను ఇరువదియేండ్ల ఉపాధ్యాయిని ఆ యింటికి వచ్చెను. బాల్యమున తానును చూపు మందగించి, శస్త్రచికిత్సలచే కొంత తిరిగి పొందిన యువతి ఆమె. బాలిక అరచేతిలో వ్రేళ్ళ గుర్తులతో అక్షరములను తెలుపుచుండెను. బాలిక అనుకరించుచుండెనే గాని, ప్రతి వస్తువునకును ఒక పేరున్నదని ఎరుగదు. ఏప్రిల్ నెలలో ఒకనాడు పంపునీరు ఒక చేతిపై పడుచుండగా, గురువు రెండవ చేతిలో నీటి పేరును తెలిపెను. తత్క్షణమే ఆ చల్లదనమునకును ఆ గుర్తులకును గల సంబంధము బాలికకు స్ఫురించెను.

శబ్దార్థసంబంధము బాలునకు వృద్ధవ్యవహారమువలన తెలియునని మన శాస్త్రకారులు చెప్పుదురు. ఒక పెద్ద ‘ఆవును తెమ్ము’ అనగా మరియొకడు తెచ్చుట చూచి, బాలుడు అర్థము గ్రహించును. దీనికి కన్నును చెవియు వలయును. ఆ రెండును లేనిచోట త్వగింద్రియమొక్కటియే విద్యాద్వారమైనది. ఏండ్ల తరబడి ఈ పాఠము చెప్పిన నాకు ఈ సంగతి ఎన్నడును తోచలేదు.

ఆనాడే తాను పగులగొట్టిన బొమ్మ జ్ఞాపకమునకు రాగా, బాలిక ముక్కలను తడవి అతికింపజూచి, తొలిసారిగా పశ్చాత్తాపము నెరిగెనట. ఈ ఘట్టమును వినుచుండగా నా తప్పు నాకు కనబడెను.

చాలకాలము క్రిందట ఒక తండ్రి, అంధుడైన తన కుమారుని తోడ్కొనివచ్చి, వానికి అమరము చెప్పుమని వేడుకొనెను. “ఇది పూర్వకర్మ, నాయనా! వీనికి చదువేల?” అని పంపివేసితిని. వేదమును శ్రుతి యనుచు, గురుముఖమున చెవితో నేర్చినవాడను నేను! ఆ బాలుని చెవులు చక్కగనే యున్నవి. లోపము నా ఓర్పునందే యుండెను. వాడిప్పు డెచ్చట నున్నాడో ఎరుగను.

గీత పదునారవ అధ్యాయమున దైవసంపదలో మొదట లెక్కింపబడినది అభయము. ధృతియు అందే కలదు. ధృతి యనగా కష్టము లేదనుకొనుట కాదు. ఏకాకిననెడి బాధ అప్పుడప్పుడు తన్ను ఆవరించునని ఆమె దాచలేదు. అయినను చదువు విడువలేదు. కళాశాలలో ఉపన్యాసములను గురువు ఆమె చేతిలో తెలుపుచుండగా, 1904లో పట్టము పొందెను. అంధుల కొరకు చిరకాలము పాటుపడి, 1968లో పరమపదించెను. 1955లో మన దేశమునకును వచ్చెను.

కర్మసిద్ధాంతము మన దుఃఖమును మనము ఓర్చుకొనుటకే గాని, పరుల దుఃఖమును చూచి ఊరకుండుటకు కాదు. అవయవలోపముగల బిడ్డ మీ యింటనుగాని, పొరుగింటనుగాని యున్నచో, ఏ ద్వారము తెరచియున్నదో వెదకుడు. పుస్తకము చూడజాలని నేనును ఇప్పుడు ప్రతి సాయంకాలము, నోటికి వచ్చిన అమరమును కోరి వచ్చినవారికి చెప్పుచున్నాను. చూపులేని బాలుడు వచ్చినచో వానిని ముందు కూర్చుండబెట్టెదను.