రియాల్ కొనేముందు: హజ్, ఉమ్రా ప్రయాణికులకు ద్రవ్య మార్పిడి నియమాలు

దైవప్రవక్త (స) కాలంలో యమన్ వాసులు కొందరు దారి ఖర్చుకు ఏమీ తెచ్చుకోకుండా హజ్‌కు వచ్చేవారు. తాము అల్లాహ్‌పై భారం వేశామని చెప్పేవారు. తీరా అక్కడికి చేరాక జనం ముందు చేయి చాచేవారు. ఆ సందర్భంలో అల్‌బఖర సూరాలోని 197వ ఆయత్ అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ఇది బుఖారీలో ఉంది. ప్రయాణ సామగ్రి వెంట తీసుకువెళ్లాలని, అన్నిటికన్నా ఉత్తమమైన సామగ్రి తఖ్వా అని ఆ ఆయత్ భావం.

ఈ ఒక్క ఆయత్‌లో రెండు ఆజ్ఞలున్నాయి. మొదటిది, ఖర్చు సిద్ధం చేసుకోవాలి. రెండవది, ఆ సిద్ధం చేసుకోవటంలో కూడా దైవభీతి ఉండాలి. మొదటిది మనవాళ్లు బాగానే పాటిస్తున్నారు. రెండవ దానిలోనే తెలియక జారిపోతున్నారు.

ఒక పెద్దాయన ప్రశ్న

ఏలూరులో హజ్ శిక్షణా తరగతి ముగిశాక ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. కొల్లేరు చేపల వ్యాపారంలో ఏళ్ల తరబడి కూడబెట్టి హజ్‌కు డబ్బు కట్టినవారు. "మౌలానా! మా తోడల్లుడి కొడుకు సౌదీలో పనిచేసి వచ్చాడు. అతని దగ్గర రియాళ్లున్నాయి. 2,000 రియాళ్లు ఇచ్చాడు. ఇప్పుడు రేటు 22 రూపాయలు. హజ్ నుంచి వచ్చాక, చేపల పట్టుబడి డబ్బు అందినప్పుడు 25 చొప్పున ఇవ్వమన్నాడు. సరేనన్నాను. ఇందులో తప్పేమీ లేదు కదా?" అని అడిగారు.

లెక్క చూడండి. ఈ రోజు ధర ప్రకారం 44,000 రూపాయలు. ఆరు నెలల తర్వాత ఇవ్వవలసింది 50,000. పెరిగిన 6,000 రూపాయలు దేనికి? కేవలం గడువుకు. దాని పేరే వడ్డీ.

పెద్దాయన ముఖం చిన్నబోయింది. "నేను చేపలు అప్పుకు అమ్ముతాను. రొక్కానికి ఒక ధర, అప్పుకు ఒక ధర చెబుతాను. అది ధర్మసమ్మతమేనని మీరే చెప్పారు. మరి ఇదెందుకు కాదు?" అన్నారు. చాలా మంచి ప్రశ్న. మన ఇళ్లలో అందరూ తెలుసుకోవలసిన జవాబు ఇందులోనే ఉంది.

చేప వేరు, రియాల్ వేరు

చేప సరుకు. దానిని రూపాయలకు అమ్మినప్పుడు ఒక వైపు వస్తువు, మరో వైపు డబ్బు ఉంటాయి. తాడేపల్లిగూడెం మార్కెట్టులో ఉల్లిపాయల బస్తా అప్పుకు అమ్మినా అంతే. బేరం కుదిరేటప్పుడే ఒక ధర, ఒక గడువు ఖాయం చేసుకుని, గడువు దాటినా ధర పెంచకుండా ఉంటే ఆ వ్యాపారం సమ్మతమే. కాని రియాల్ సరుకు కాదు, అదీ డబ్బే. డబ్బుకు డబ్బు మారినప్పుడు షరీఅత్‌లో ఆ వ్యవహారాన్ని 'సర్ఫ్' అంటారు. దాని నియమాలు వేరు.

హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) ఉల్లేఖించిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. దాని సారాంశం ఇది: బంగారానికి బంగారం, వెండికి వెండి మార్చుకుంటే సమానంగా ఉండాలి, చేతికి చేయి జరగాలి. రకాలు వేరైతే ఎక్కువ తక్కువలు మన ఇష్టం, కాని చేతికి చేయి మాత్రం తప్పదు.

సహాబాలు దీనిని ఎంత ఖచ్చితంగా పాటించేవారో చూడండి. మాలిక్ బిన్ ఔస్ అనే ఆయన నూరు దీనార్లు మార్చుకోదలచారు. హజ్రత్ తల్హా (రజి) బేరం ఒప్పుకుని, బంగారం చేతిలోకి తీసుకుని, తన ఖజానాదారు గాబా నుంచి వచ్చేదాకా ఆగమన్నారు. అక్కడే ఉన్న హజ్రత్ ఉమర్ (రజి) వెండి చేతికి తీసుకోనిదే ఆయనను విడిచి వెళ్లవద్దని మాలిక్‌ను హెచ్చరించారు. తల్హా (రజి) స్వర్గ శుభవార్త పొందిన సహాబీ. ఆయన మీద అనుమానం ఎవరికి ఉంటుంది? అయినా నియమం నియమమే. మన తోడల్లుడి కొడుకు నమ్మకస్తుడే కావచ్చు. ఇక్కడ ప్రశ్న నమ్మకం గురించి కాదు.

కాగితపు నోట్లు కూడా బంగారం, వెండిలాగే ద్రవ్యమని, ప్రతి దేశపు నోటు ఒక వేరు రకమని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో నిర్ణయించింది. కాబట్టి రూపాయికి, రియాల్‌కు మధ్య ధర ఎంతైనా ఉండవచ్చు. మార్పిడి దుకాణం కొనే ధరకు, అమ్మే ధరకు తేడా పెట్టుకుని లాభం తీసుకోవచ్చు. కాని మార్పిడి అక్కడికక్కడే పూర్తికావాలి.

ఉపఖండపు ఉలమాలలో కొందరు నోట్ల విషయంలో కొంత వెసులుబాటు ఇచ్చి, ఒక వైపు సొమ్ము చేతికి అందితే చాలన్నారు. అయితే వారు కూడా ధర ఆ రోజు బజారు ధరే ఉండాలని షరతు పెట్టారు, లేకుంటే అది వడ్డీకి దొడ్డిదారి అవుతుంది. అంటే పెద్దాయన బేరం ఏ అభిప్రాయం ప్రకారమూ నిలవదు.

మరి దారేది?

దారి ఉంది, తేలికైనదే. ఆ బేరాన్ని రద్దు చేసుకోవాలి. రియాళ్లు తిరిగి ఇచ్చేయవచ్చు, లేదా ఆ రోజు ధరకే రూపాయలు అక్కడికక్కడే చెల్లించవచ్చు. అంత డబ్బు చేతిలో లేకపోతే అతను 2,000 రియాళ్లు చేబదులుగా ఇవ్వవచ్చు. అప్పుడు బాకీ 2,000 రియాళ్లే, ఒక్క హలాలా కూడా ఎక్కువ కాదు. తీర్చే రోజున ఇద్దరూ ఇష్టపడితే ఆ రోజు ధర ప్రకారం రూపాయలు ఇవ్వవచ్చు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) దీనార్లకు ఒంటెలు అమ్మి దిర్హములు తీసుకునేవారు. ఆయన దాని గురించి అడిగితే, ఆ రోజు ధరకు తీసుకుని, ఇద్దరి మధ్య ఏమీ మిగల్చకుండా విడిపోతే దోషం లేదని దైవప్రవక్త (స) తెలిపారు. ఇది అబూదావూద్, తిర్మిజీలలో ఉంది. అయితే ఏ ధరకు ఇవ్వాలో ముందే ఖాయం చేసుకోకూడదు.

పెద్దాయన మరునాడే ఆ రియాళ్లు తిరిగి ఇచ్చేసి, ఉన్నంతలో 1,000 రియాళ్లు బ్యాంకులో కొనుక్కున్నారు. "తక్కువైతే తక్కువ తింటాను మౌలానా, కాబా ముందు నిలబడినప్పుడు జేబులో వడ్డీ ఉండకూడదు" అన్నారు. మేము ఆయనకు చెప్పిన పాఠం కన్నా ఆయన మాకు చెప్పిన పాఠమే పెద్దది.

తరచుగా అడిగే మరికొన్ని విషయాలు

బయానా: రేటు పెరుగుతుందని భయపడి, ఈ రోజు కొంత బయానా ఇచ్చి నెల తర్వాత రియాళ్లు తీసుకునే బేరం సరికాదు. కొంటానని మాట మాత్రం అనుకోవచ్చు. బేరం మాత్రం తీసుకునే రోజునే, ఆ రోజు ధరకే జరగాలి.

చిల్లర: 100 రియాళ్ల నోటుకు 95 రియాళ్ల చిల్లర తీసుకోవటం వడ్డీయే. ఒకే రకం కాబట్టి సమానంగా ఉండాలి.

కార్డు: ముందుగా రూపాయలు చెల్లించి రియాళ్లు నింపుకునే ఫారెక్స్ కార్డు సమ్మతమే. ఖాతాలో సొమ్ము జమకావటం చేతికి అందినట్లేనని 1990లో జిద్దా సమావేశంలో అదే అకాడమీ తీర్మానించింది. ఆలస్యమైతే వడ్డీ పడే క్రెడిట్ కార్డుకు దూరంగా ఉండటమే మేలు.

ఎక్కడ కొనాలి: రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకులు, మార్పిడి కేంద్రాల వద్దనే కొని రసీదు తీసుకోండి. 50,000 రూపాయల వరకే రొక్కం ఇవ్వవచ్చు, అంతకు మించితే బ్యాంకు ద్వారా చెల్లించాలి. ఇంతకుముందు హజ్ కమిటీ ద్వారా ప్రతి యాత్రికునికి 2,100 రియాళ్లు అందేవి. 2023 హజ్ నుంచి ఆ ఏర్పాటు తీసివేశారు. ఆ ఏడాది గన్నవరం నుంచి విమానమెక్కిన మన ప్రాంత యాత్రికులు కూడా ఎవరి రియాళ్లు వారే చూసుకోవలసి వచ్చింది. అందుకే ఈ మసాయిల్ ఇప్పుడు ప్రతి ఇంటికీ అవసరమయ్యాయి.

వెంట తీసుకువెళ్లటం: డబ్బంతా ఒకేచోట పెట్టవద్దు. భార్యాభర్తలు చెరికొంత ఉంచుకోవాలి. ఇహ్రామ్‌లో నడుముకు డబ్బు పట్టీ కట్టుకోవచ్చా అని చాలామంది సందేహపడతారు. హజ్రత్ ఆయిషా (రజి), ఇబ్నె అబ్బాస్ (రజి) దానికి అనుమతించారు. 60,000 రియాళ్లు, అంతకు మించిన సొమ్ము ఉంటే సౌదీ కస్టమ్స్‌కు తెలియజేయాలి. ఇతరులు అప్పగించిన సొమ్ము అమానతు. వారి అనుమతి లేకుండా అందులోంచి ఖర్చు చేయరాదు.

మిగిలిన రియాళ్లు: తిరిగి వచ్చాక 180 రోజులలోపు బ్యాంకుకు అమ్మివేయాలి. 2,000 డాలర్ల విలువ వరకు ఉంచుకోవచ్చు. బీరువాలో ఉంచుకున్న రియాళ్లకు కూడా జకాత్ ఉంది. వాటి విలువను మిగతా సొమ్ముతో కలిపి, నిసాబ్, అంటే 612 గ్రాముల పైచిలుకు వెండి విలువ, అవుతుందేమో చూసుకోవాలి.

సోదర సోదరీమణులారా! బట్టల మూటలు, మందుల పొట్లాలు సరిచూసుకున్నట్లే జేబులోని రియాల్ ఏ దారిన వచ్చిందో కూడా సరిచూసుకుందాం. చాలా దూరం ప్రయాణించి, జుట్టు చెదిరి, దుమ్ముకొట్టుకుని చేతులెత్తి వేడుకునే మనిషి తిండీ బట్టా హరామ్‌వైతే అతని దుఆ ఎలా అంగీకరించబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మన సంపాదననూ, మన ఖర్చునూ, మన హజ్‌నూ అల్లాహ్ పరిశుద్ధం చేసి స్వీకరించుగాక! ఆమీన్.