గిటారు మీద మోహనం

కిందటేడు కాలేజీ వార్షికోత్సవంలో నా గిటారు విన్న మిత్రులు ఇప్పటికీ నన్ను "మూడో మెట్టు" అనే పిలుస్తున్నారు. పిలవనీయండి, జరిగిందదే. మేజర్ పెంటటానిక్ స్కేలుకు అయిదు పొజిషన్లు. అయిదింటినీ బొమ్మలు చూసి కంఠతా పట్టానని నాకు మహా గర్వం. తీరా పాట మధ్యలో మొదటి పొజిషన్ నుంచి రెండో దానికి వెళ్ళేసరికి వేళ్ళు వెళ్ళాయి గానీ నేను వెళ్ళలేదు. ఎక్కడున్నానో తెలియక మళ్ళీ మూడో మెట్టుకే వచ్చి, పాట అయ్యేదాకా అక్కడే కాపురం పెట్టాను. (ఫ్రెట్టును మెట్టు అంటున్నందుకు గిటారు మాస్టార్లు క్షమించాలి. వీణ మీద దాన్ని మెట్టే అంటారు మరి!)

సంక్రాంతి సెలవుల్లో ఇంటి దగ్గర అదే సాధన చేస్తూంటే, సంగీతం నేర్చుకుంటున్న మా చెల్లెలు గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, అది మోహనం కదూ! మా వరవీణ గీతం రాగమే. కానీ స ఎక్కడుందో నీకు తెలిసినట్టు లేదు" అంది. కోపం వచ్చింది. నిజం కాబట్టే వచ్చింది.

మేజర్ స్కేలు ఏడు స్వరాల్లో నాలుగోదీ, ఏడోదీ తీసేస్తే మిగిలేదే మేజర్ పెంటటానిక్. మన లెక్కలో మ, ని పోగా మిగిలిన స రి గ ప ధ. మాయాబజార్ (1957) పడవ పాటకూ, అమెరికాలో టెంప్టేషన్స్ బృందం 1964లో పాడిన 'మై గర్ల్' మొదట్లో వచ్చే గిటారు ముక్కకూ ఆధారం ఈ అయిదే. అలాగని స్కేలు రాగమైపోదు. గమకం లేనిదే మోహనం కాదని రాయమంది చెల్లెలు, రాశాను.

ఇక గిటారు తీయండి. జి ని స అనుకుందాం. అప్పుడు రి గ ప ధలు ఎ, బి, డి, ఇ అవుతాయి. మామూలు శ్రుతిలో ఏ మెట్టూ నొక్కకుండా మీటితే ఆరు తీగలూ పలికేది ఈ స్వరాలే. పొరపాటున ఖాళీ తీగ తగిలినా అపస్వరం కాదు. నాబోటి వాడికి అంతకన్నా ఏం కావాలి!

పొజిషన్లు కాసేపు మరచిపోండి. అన్నిటికన్నా లావుగా ఉండే ఆరో తీగ మీద ఒక్క వేలితో వాయించండి: 3 స, 5 రి, 7 గ, 10 ప, 12 ధ, 15 పై స. పైకి పాడుతూ వాయించాలి. నోరు మెదపకపోతే ఈ పాఠం దండగ.

అయిదు పొజిషన్లూ ఈ తీగ మీద ఈ అయిదు స్వరాల దగ్గరే మొదలవుతాయి. ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా మొదటిది: 3-5, 2-5, 2-5, 2-4, 3-5, 3-5. రెండోది: 5-7, 5-7, 5-7, 4-7, 5-8, 5-7. తక్కినవి మీరే కట్టుకోగలరు.

నా కొంప మునిగింది రెండోదాని దగ్గరే. అది 5వ మెట్టున మొదలవుతుంది గనక అలవాటుకొద్దీ దాన్నే స అనుకుని అక్కడ ఆగాను. అది రి! కీబోర్డు మిత్రుడేమో జి లోనే ఉన్నాడు. మోహనంలో రి ని స చేసుకుంటే వచ్చేది మధ్యమావతి. అలాగే గ నుంచి హిందోళం, ప నుంచి శుద్ధసావేరి, ధ నుంచి శుద్ధధన్యాసి. ఈ చివరిదాన్నే గిటారు వాళ్ళు మైనర్ పెంటటానిక్ అంటారు. మన వాళ్ళు గ్రహభేదం అనే ఈ విద్య తెలిసి చేస్తే పాండిత్యం. నేను తెలియక చేశాను.

మరి దారేది? పక్కపక్క పొజిషన్లు రెండింటికీ ఉమ్మడిగా ఒక స ఉంటుంది, రెండు గదుల మధ్య గుమ్మంలాగా. మొదటికీ రెండుకీ నాలుగో తీగ 5. రెండుకీ మూడుకీ రెండో తీగ 8. మూడుకీ నాలుగుకీ అయిదో తీగ 10. నాలుగుకీ అయిదుకీ మూడో తీగ 12. గది మారాలంటే ఆ గుమ్మం మీద ఆగి, "స" అని పాడి, అప్పుడు దాటండి.

రోజూ పది నిమిషాలు కళ్ళు మూసుకుని ఈ నాలుగు స లే వెతుక్కున్నాను. రెండు నెలలు పట్టింది. మూడో తీగ 12 మాత్రం ఇప్పటికీ ఒక్కోసారి తప్పుతోంది.